హాల్లో పటం ఖరీదెంత?

ఇల్లు త్వరగా, మంచి ధరకు అమ్ముడుపోవాలంటే చెమ్మ మరకలు పోయేలా రంగులు వేయించాలి, పాత సామాను తీసేయాలి, పన్ను రసీదులు సిద్ధంగా ఉంచుకోవాలి. లిలువా రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మా నాన్న అక్కడి ఇంటికి ఇవన్నీ చేశారు. బ్రోకరు ఇంకొకటి చెప్పాడు: హాల్లో అంబేడ్కర్ పటం తీసేస్తే బేరం తొందరగా కుదురుతుందట! నాన్న తీయలేదు.

రంగు వెలిస్తే ధర తగ్గడం న్యాయమే. అమ్మేవాళ్ల కులం తెలిస్తే తగ్గడం ఏ లెక్క? మన అర్థశాస్త్ర సెమినార్లలో దీన్ని ‘మార్కెట్’ అనేసి ఊరుకుంటారు.

రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర వివక్షను నిషేధించింది. ఇళ్ల అమ్మకాల ఊసెత్తలేదు. 2005లో గుజరాత్‌లోని పార్సీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇళ్ల క్రయవిక్రయాలను నేరుగా పట్టించుకునే వివక్ష నిరోధక చట్టం కావాలి.