గుట్ట సరే, చుట్టుపక్కల నేల మాటేంటి?

రాణిపేట సిప్‌కాట్‌లో గట్టి వాన పడిందంటే పసుపుపచ్చ నీళ్లు కాలవ కట్టడం ఊరికి కొత్త కాదు. 1995లో మూతపడ్డ తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ ఆవరణలో పోసి వదిలేసిన వ్యర్థాల నుంచి ఊరిన నీళ్లవి. ఫ్యాక్టరీ పోయి ఏళ్లు గడిచినా గుట్ట కదల్లేదు. తొలి అంచనాల్లో అది లక్షన్నర టన్నులు, తర్వాతి లెక్కల్లో రెండు లక్షలు దాటింది. కొత్తగా ఎవరూ పోసింది లేదు, లెక్కే మారింది.

ఆ గుట్టను చూసిపోయిన వాళ్లకు కొదవ లేదు. హైదరాబాదు నుంచి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వచ్చి భూగర్భ జలాలు పరీక్షించారు. 2006లో అమెరికాలోని బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది చోట్లలో రాణిపేటను చేర్చింది. దాంతో ఊరి పేరు ప్రపంచమంతా మోగింది గానీ బావి నీళ్లు మారలేదు.

సరే, ఆ గుట్ట అందరికీ తెలుసు. మరి తెలియని వాటి సంగతి? పాలారు వెంబడి వాణియంబాడి, ఆంబూరు నుంచి రాణిపేట దాకా టానరీలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. వాటిలో మూతబడ్డవీ, చేతులు మారినవీ ఉన్నాయి. గోడ కూలిపోయి తుమ్మచెట్లు మొలిచిన స్థలంలో ఒకప్పుడు ఏం కలిపారో, ఏం పారబోశారో పక్కింటివాళ్లకే సరిగా గుర్తుండదు. రేపు అక్కడ ప్లాట్లు వేస్తే కొనేవాడికి ఎవరు చెప్తారు?

ఇది కంటితో చూసి తేల్చే పని కాదు. ఆరు వేలెన్సీల క్రోమియం నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కేన్సర్ కారకం. తాగే నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణం. ఆ మోతాదులో నీళ్లకు రంగూ ఉండదు, రుచీ ఉండదు. పసుపు తేలిందంటే ఎప్పుడో హద్దు దాటినట్టే. అందుకే బోర్లు వేసి మట్టి తియ్యాలి, వాలు ఎటుందో చూసి బావుల్లో నీళ్లు పట్టాలి, వానలకు ముందోసారి, తర్వాతోసారి పరీక్ష చెయ్యాలి. దీనికి డబ్బు కావాలి. పాడుబడ్డ స్థలం మీద ఆ డబ్బు పెట్టే యజమాని దొరకడు.

కేంద్రం 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణకు నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల వివరాలు జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలట. ఆ తర్వాత తొంభై రోజుల్లో ప్రాథమిక పరీక్ష. బాధ్యుడు దొరక్కపోతే శుభ్రం చేసే ఖర్చు ప్రభుత్వాలదే. కాగితం మీద బాగానే ఉంది. కానీ మట్టి తీయించడానికి కలెక్టరు చేతిలో పైసా లేకపోతే ఆ జాబితాలోకి ఎక్కేది పాత గుట్టే. జిల్లాకు పరీక్షల కోసమే విడిగా నిధి ఇవ్వాలి. చెడగొట్టినవాడే కట్టాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో ఈ పాలారు టానరీల కేసులోనే గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో మళ్లీ ఇదే ప్రాంతం కేసులో, బాధితులకు ముందు ప్రభుత్వం చెల్లించి తర్వాత కాలుష్య కారకుల నుంచి రాబట్టాలంది. పరీక్షల ఖర్చుకూ అదే దారి పట్టొచ్చు.

పరీక్షలంటే భూముల ధర పడిపోతుందని భయపడేవాళ్లున్నారు. కూతురి పెళ్లికని రెండు సెంట్లు కొని పెట్టుకున్నవాడి భయాన్ని కొట్టిపారెయ్యలేం. అయితే ఇప్పుడు అనుమానం మొత్తం పేట మీద ఉంది. పరీక్షలో బాగున్నట్టు తేలిన నేలకు ఆ మచ్చ పోతుంది.

పాలారు కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పం మీదుగా తమిళనాడులో అడుగుపెడుతుంది. చెక్‌డ్యాముల మీద మూడు రాష్ట్రాలూ తగువులాడుకుంటాయి గానీ ఒడ్డున నేల ఏమైందో అడిగే నాయకుడు అరుదు. వేలూరు, రాణిపేట జిల్లాల్లోని తెలుగు సంఘాలు ఉగాది సభల్లో బడుల గురించి తీర్మానాలు చేస్తున్నాయి, మంచిదే. ఈసారి కలెక్టరుకిచ్చే అర్జీలో ఇంకో రెండు ముక్కలు చేర్చాలి: మూతబడ్డ ప్రతి టానరీ, ప్రతి రసాయన ఫ్యాక్టరీ స్థలాన్నీ జాబితాలో పెట్టమని, ఏ బావిలో ఎంత క్రోమియం ఉందో పంచాయతీ గోడ మీద తమిళంలోనూ తెలుగులోనూ రాయించమని.