వేడిమియే హద్దు

కంప్యూటరు ఆటలలో బొమ్మలు తడబడుచున్నవని పిల్లలు మొఱపెట్టుట నేడు పెక్కిండ్ల వినవచ్చుచున్నది. తక్కువ వెలకు కొన్న గ్రాఫిక్స్ కార్డును తయారుచేసినవారు నిర్ణయించిన వేగమునకు మించి నడిపించుటను ఓవర్‌క్లాకింగ్ అందురు. 2019లో వెలువడిన జీటీఎక్స్ 1650 కార్డునకు నిర్ణయమైన బూస్టు వేగము 1665 మెగాహెర్ట్జులు. విద్యుత్తు 75 వాట్లు. ఆఫ్టర్‌బర్నర్ అను సాఫ్టువేరుచే ఆ వేగమును కొంత పెంపవచ్చును. లాభము మాత్రము స్వల్పము.

వేగముతోపాటు వేడిమియు పెరుగును. మన భద్రాచల ప్రాంతమున రోహిణీకార్తెలో గదిలోని గాలియే సెగలు గ్రక్కును. కార్డు చల్లబడవలసినది ఆ గాలితోనే కదా! వేడిమి మితిమీరినచో కార్డు తనంత తానే వేగము తగ్గించుకొనును. పడిన శ్రమ వ్యర్థమగును.

కావున మేము చెప్పునదేమన, ముందుగా పూచీపత్రము చదువుడు. పంకాలకు పట్టిన దుమ్ము తుడిపించి, పెట్టెను గోడకు ఎడముగ నుంచుడు. ముక్కోటినాటి చలిలో మారునకు 15 మెగాహెర్ట్జుల చొప్పున పెంచి, అరగంట ఆడి చూడనిండు. తెరపై చుక్కలో గీతలో కనబడినచో తగ్గింపవలెను. వేసవి రాగానే పూర్వవేగమునకు మరల్పవలెను.

కోప్పడి మాన్పించుటకంటె, ప్రక్కన కూర్చుండి ఉష్ణమానము చూడ నేర్పుట మేలు. అట్లయిన మన సొమ్మును దక్కును, వారి ముచ్చటయు తీరును.