ఊరికి కరెంటు కంపెనీ బాకీ

వరంగల్ తూర్పు భాగంలోని కాశిబుగ్గలో ఇళ్లకూ, కిరాణా కొట్లకూ, ఆ దాపునే ఎనుమాముల మార్కెట్‌ను ఆనుకుని ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలకూ కరెంటు ఇచ్చేది ఒకే సంస్థ. దాని ప్రధాన కార్యాలయం హనుమకొండ నక్కలగుట్టలోని విద్యుత్ భవన్. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థగా పుస్తకాల్లో ఉన్నా, జనం నోట అది ఎన్‌పీడీసీఎల్. సేవ నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారే వీలు ఇంటి వినియోగదారుడికి లేదు. అందుకే ఈ సంస్థకూ స్థానిక సమాజానికీ ఉన్న సంబంధాన్ని మామూలు వ్యాపార బంధంగా చూడలేం. బడికి బెంచీలిచ్చిందా, ఊరికి తాగునీటి ప్లాంటు పెట్టిందా అన్నది తర్వాతి మాట. తీగ తెగితే ఎంతసేపట్లో వచ్చారు, ఫిర్యాదు చేస్తే ఎవరు విన్నారు, చార్జీ పెంచేముందు ఎవరిని అడిగారు అన్నవే దాన్ని తూచే రాళ్లు.

ఈ సంస్థ పుట్టుక ప్రశాంతంగా జరగలేదు. 1998 విద్యుత్ సంస్కరణల చట్టం ప్రకారం 1999 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ బోర్డును ఉత్పత్తికి జెన్‌కోగా, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడదీశారు. 2000లో ట్రాన్స్‌కో నుంచి నాలుగు పంపిణీ సంస్థలు వేరుపడ్డాయి. వరంగల్ కేంద్రంగా పాత వరంగల్, కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాలు ఉత్తర సంస్థ కిందికి వచ్చాయి. అదే ఏడాది చార్జీల పెంపు మీద రాష్ట్రమంతా భగ్గుమంది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళనకారుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. కరెంటు ధరను జనానికి చెప్పకుండా, వాళ్లను ఒప్పించకుండా నిర్ణయిస్తే ఏమవుతుందో తెలుగు నేల అప్పుడే చూసింది. విద్యుత్ సంస్థలు ప్రజలతో మాట్లాడటం మర్యాద కోసం చేసే పని కాదని ఆ ఏడాదే తేలిపోయింది.

కంపెనీల సామాజిక బాధ్యత అనగానే అందరికీ గుర్తొచ్చేది 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం రూ.500 కోట్ల నికర విలువ, రూ.1,000 కోట్ల టర్నోవర్, రూ.5 కోట్ల నికర లాభం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక పనులకు ఖర్చు చేయాలి. టర్నోవర్‌ను బట్టి చూస్తే పంపిణీ సంస్థ ఈ గీత లోపలే ఉంటుంది. కానీ లాభమే లేనప్పుడు 2 శాతం అంటే సున్నా. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం తెలంగాణలోని రెండు పంపిణీ సంస్థల (డిస్కంల) పేరుకుపోయిన నష్టాలను రూ.62 వేల కోట్లకు పైగా చూపింది. అందువల్ల కాశిబుగ్గ వాసి ఈ కంపెనీ నుంచి విరాళం ఆశించడంలో అర్థం లేదు. సరైన సేవను హక్కుగా అడగడంలో మాత్రం పూర్తి అర్థం ఉంది.

కరెంటు పుట్టేచోట కథ వేరు. పాత వరంగల్ జిల్లాలోనే, ఇప్పటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరులో జెన్‌కోకు 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. పక్కనే సింగరేణి గనులు. పెద్దపల్లి జిల్లా రామగుండంలో 1978లో శంకుస్థాపన జరిగిన ఎన్టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. ఈ ఊళ్లలో కంపెనీ అంటే భూమి తీసుకున్న సంస్థ, బూడిద, దుమ్ము వదిలే సంస్థ, ఉద్యోగం ఇవ్వగల సంస్థ కూడా. కాబట్టి ఆసుపత్రి, బడి, కుట్టు శిక్షణ, రోడ్డు లాంటి పనులు అక్కడ ఎక్కువగా కనబడతాయి. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల మహిళలకూ యువతకూ ఇచ్చే వృత్తి శిక్షణ ఈ కోవలోదే.

2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని తెచ్చాక ఈ పనుల్లో కొంత భాగం దయ నుంచి చట్టానికి మారింది. పాత లీజులున్న గనులు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని ఈ నిధికి కట్టాలి. గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల తాగునీటికి, వైద్యానికి, చదువుకు దాన్ని ఖర్చు పెట్టాలి. చిక్కు ఎక్కడంటే, ఖర్చుపై నిర్ణయం జిల్లా స్థాయిలో జరుగుతుంది, దుమ్ము మాత్రం గని అంచు గ్రామం మీద పడుతుంది. భూమి పోగొట్టుకున్న గ్రామసభ మాటకు ఆ నిర్ణయంలో బరువు లేకపోతే నిధి ఎంత పెద్దదైనా నిర్వాసితుడికి ఒరిగేది తక్కువ.

పుట్టేచోటుకూ వాడేచోటుకూ మధ్య పొలాల మీదుగా సాగే హైటెన్షన్ లైన్లు మరో సంగతి. మహారాష్ట్రలోని వరోరా నుంచి వరంగల్, హైదరాబాద్ మీదుగా కర్నూలు దాకా వేసిన 765 కేవీ లైన్ లాంటివి కొన్ని వందల గ్రామాలను తాకుతాయి. టవర్ కోసం భూమిని సేకరించరు. పట్టా రైతు పేరనే ఉంటుంది, వాడకం మాత్రం కుంచించుకుపోతుంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చే అధికారాలతోనే ఇప్పటికీ ఈ లైన్లు వేస్తున్నారు. 2015లో కేంద్రం టవర్ కింది భూమి విలువలో 85 శాతం, తీగల కింది పట్టీకి 15 శాతం దాకా పరిహారం ఇవ్వాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 జూన్‌లో వాటిని వరుసగా 200 శాతానికీ, 30 శాతానికీ పెంచింది. ఇది మంచి మార్పు. రైతులు ఏళ్ల తరబడి అడ్డం నిలిచి అడిగితే వచ్చిన మార్పు కూడా.

పంపిణీ సంస్థ బాధ్యతలు ఇంత పెద్ద అంకెల్లో ఉండవు గానీ రోజూ ఎదురవుతాయి. రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాల ప్రకారం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పట్టణంలో 24 గంటల్లో, పల్లెలో 48 గంటల్లో మార్చాలి. కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024లో సవరించాక, మున్సిపాలిటీల్లో కొత్త కనెక్షన్ 7 రోజుల్లో, గ్రామాల్లో 15 రోజుల్లో ఇవ్వాలి. గడువు తప్పితే వినియోగదారుడికి పరిహారం దక్కాలి. పొలం దగ్గర కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులే ట్రాక్టర్‌లో వేసుకుని రిపేరు షెడ్డుకు తీసుకెళ్లాల్సి వస్తోందన్నది నియంత్రణ మండలి విచారణల్లో పదేపదే వినిపించే మాట. నిజానికి ఆ మోత సంస్థది. యాసంగి పంట ఎండిపోతుంటే రైతు గడువు లెక్కలు చూడడు, చందాలేసుకుని పని కానిస్తాడు. ఆ చందా ఏ బిల్లులోనూ కనబడని చార్జీ.

వినడానికి చట్టం రెండు తలుపులు తెరిచింది. మొదటిది బహిరంగ విచారణ. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ కింద డిస్కం తన ఆదాయ అవసరాల పిటిషన్‌ను ప్రచురించాలి, మండలి ప్రజల అభ్యంతరాలు విన్నాకే 120 రోజుల్లోపు టారిఫ్ ఆదేశం ఇవ్వాలి. ఈ విచారణల్లో రైతు సంఘాలు, పరిశ్రమల ప్రతినిధులు, కొద్దిమంది నిపుణులు పట్టుగా మాట్లాడుతున్నారు. వరంగల్ కొత్తవాడ నేతపనివారు, కాశిబుగ్గ చిన్న దుకాణదారులు కనబడటం అరుదు. వందల పేజీల లెక్కలు చదివి అభ్యంతరం రాయగల తీరిక వాళ్లకు ఎక్కడిది?

రెండో తలుపు అదే చట్టం 42వ సెక్షన్ కింద ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక. మీటరు తప్పు చూపినా, కేటగిరీ తప్పుగా వేసినా, కనెక్షన్ ఆలస్యమైనా లాయరు లేకుండానే అక్కడికి వెళ్లవచ్చు. ఫిర్యాదు తేల్చడానికి కేంద్ర నిబంధనలు పెట్టిన గరిష్ఠ గడువు 45 రోజులు. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

ప్రజలు వినతిపత్రం ఇచ్చేవాళ్లుగానే ఉండిపోనక్కర్లేదని చూపిన ఉదాహరణ ఎన్‌పీడీసీఎల్ పరిధిలోనే ఉంది. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, అంటే సెస్, 1970లో పని మొదలుపెట్టింది. దేశంలో తొలినాటి గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. ఎన్‌పీడీసీఎల్ నుంచి కరెంటు కొని మరమగ్గాలకూ, మోటార్లకూ, ఇళ్లకూ తానే పంపిణీ చేస్తుంది. వినియోగదారులే సభ్యులు, వాళ్లే డైరెక్టర్లను ఎన్నుకుంటారు. 2022 డిసెంబరులో 15 డైరెక్టర్ స్థానాలకు జరిగిన పోలింగ్ చిన్నపాటి అసెంబ్లీ ఎన్నికను తలపించింది. పార్టీల పట్టు అందులోకి చొరబడిన మాట నిజమే. అయినా తన ఊరి విద్యుత్ సంస్థను నడిపేవాళ్లను ఓటుతో మార్చగలగడం వరంగల్ వినియోగదారుడికి లేని శక్తి.

విద్యుత్ అధికారులు కార్యాలయం దాటి జనం దగ్గరికి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. 2019 సెప్టెంబరులో గ్రామాల 30 రోజుల ప్రణాళికలో భాగంగా పవర్ వీక్ జరిగింది. వంగిన, తుప్పుపట్టిన స్తంభాలను మార్చి, వేలాడే తీగలను బిగించారు. ఎన్‌పీడీసీఎల్ చేపట్టిన పొలంబాటలో అధికారులు రైతుల దగ్గరికే వెళ్లి లూజ్ లైన్లు సరిచేయిస్తున్నారు, మోటార్లకు కెపాసిటర్లు ఎందుకో చెబుతున్నారు. ఏ విరాళం కంటే ఇది విలువైన పని, ఎందుకంటే కిందికి జారిన తీగ ప్రాణం తీస్తుంది. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్ లోతట్టు కాలనీలు నీట మునిగినప్పుడు ముందు చేయాల్సింది సరఫరా ఆపడం, ఆ తర్వాత వీలైనంత త్వరగా ఇవ్వడం. ఆ రెండు పనులూ మోకాలి లోతు నీళ్లలో చేసేది లైన్‌మన్లు, ఆర్టిజన్లు. వాళ్ల చేతి తొడుగులూ, సేఫ్టీ బెల్టులూ కూడా సమాజం పట్ల సంస్థ బాధ్యతలో భాగమే.

నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు గృహజ్యోతి కింద ఉచిత విద్యుత్, క్షౌరశాలలకూ లాండ్రీలకూ 250 యూనిట్ల దాకా ఉచితం, సాగుకు ఉచిత విద్యుత్ వంటివి ప్రభుత్వ హామీలు, సంస్థ దానాలు కావు. విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ఆ రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలి. అది ఆలస్యమైతే ఆ లోటు చివరకు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ మీదా, స్తంభం మార్పిడి మీదా పడుతుంది.

ఎన్‌పీడీసీఎల్ ఇప్పుడు చేయదగ్గ పనులు పెద్ద ఖర్చువి కావు. ఫిర్యాదుల వేదిక చిరునామా, సేవల గడువులు, పరిహారం వివరాలు ప్రతి బిల్లు మీదా పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. ఏ ఫీడర్‌లో ఎన్ని గంటలు సరఫరా ఆగిందో సెక్షన్ ఆఫీసు గోడ మీద నెలనెలా రాయాలి. టారిఫ్ విచారణకు ముందు పిటిషన్ సారాన్ని కాశిబుగ్గ లాంటి డివిజన్లలోనే సభ పెట్టి వివరించాలి. వినియోగదారులు కూడా ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఊరుకోకుండా, ఫిర్యాదు నంబరు రాసుకుని, గడువు దాటితే వేదికకు వెళ్లాలి.