సైనికుడి ఆరోగ్యం – భార్య సాక్ష్యం

2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ బి. సంతోష్‌బాబు చనిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన కుటుంబాన్ని ఆదుకుంది, భార్యకు డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగమిచ్చింది. చేయాల్సిన పనే చేసింది. అయితే శత్రువు చేతిలో కాక, మానసిక వొత్తిడితో ప్రాణం తీసుకుంటున్న జవాన్ల సంగతేమిటి?

అంతకు ముందు అయిదేళ్ళలో త్రివిధ దళాల్లో 819 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2022 జూలైలో కేంద్రమే పార్లమెంటుకు తెలిపింది. వీరిలో 642 మంది ఆర్మీవారు. కారణాలు చెప్పేటప్పుడు పాలకులు తరచూ 'కుటుంబ సమస్యలు' అంటారు. మరి ఆ కుటుంబాన్ని అడగవద్దా?

సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా, సెలవుకొచ్చిన మనిషికి నిద్ర పట్టటం లేదని, తాగుడు పెరిగిందని ముందుగా తెలిసేది భార్యకే. ఆ కోపానికి దెబ్బలు తినేదీ చాలాసార్లు ఆమే. పొలం, పిల్లలు, అత్తమామల భారం మోసేదీ ఆమే. ఆమెను కారణంగా చూపుతారు గానీ సాక్షిగా పిలవరు!

అమెరికాలో సైనికుల ఆరోగ్యంపై 2001లో మొదలైన దీర్ఘకాల పరిశోధనలో భాగంగా, 2011 నుంచి వారి జీవిత భాగస్వాములనూ ప్రశ్నిస్తున్నారు. మన దగ్గరా సైనికుల ఆరోగ్యంపై చేసే ప్రతి అధ్యయనంలో భార్యల మాటకు చోటుండాలి. జిల్లా ఆస్పత్రిలో ఆమె తనంతట తాను వెళ్ళగలిగే కౌన్సెలింగ్ ఉండాలి. అక్కడ చెప్పుకున్న బాధ భర్త ఉద్యోగానికి ఎసరు పెట్టదనే హామీ కావాలి. అది లేనంత వరకూ ఏ స్త్రీ నోరు విప్పుతుంది?

అమరుల భార్యలను వేదికలెక్కించి సన్మానిస్తున్నాం. బతికున్న జవాన్ల భార్యలు చెప్పేదీ విందాం. ఇది దయ కాదు, వారి హక్కు.