పెట్టె మింగిన పాట

పిల్లలూ! మా అక్కయ్య లాలిపాటలు ఎంతో బాగా పాడేది. అవి మా నాయనమ్మ నోట విని నేర్చుకున్నవి; ఏ పుస్తకంలోనూ లేవు. 2016లో ఒక పండుగనాడు ఆమె పాడుతూంటే, నేను హార్మనీ వాయిస్తూ ఫోనులో రికార్డు చేశాను. ఫోను ఎక్కడ పెట్టానో తెలుసా? చేతికి అందుతుందని హార్మనీ పెట్టె పక్కనే!

విన్నప్పుడు బాగానే ఉన్నట్టు తోచింది. అక్కయ్య పోయిన తరువాత ఒకనాడు మా మనమరాలికి ఆ పాట వినిపించి, "మాటలు రాసుకో, అమ్మా," అన్నాను. అది ఆరు మాటలు మాత్రం రాసి, "తాతయ్యా, తక్కినదంతా పెట్టె మోతే!" అన్నది.

నాకు వినిపించిన మాటలు దానికెందుకు వినిపించలేదు? నాకు పాట వచ్చు. చెవికి సగం అందితే, తక్కిన సగం జ్ఞాపకం పూరించింది. అంటే ఆ రికార్డు, పాట ముందే వచ్చినవాళ్ళకు తప్ప పనికిరాదన్నమాట!

ఎదురుగా ఉన్న మనిషి మాట మీద మనసు నిలిపితే, పక్కనున్న సందడిని మనం పట్టించుకోము. మైకుకు మనసు లేదు కదా! ఏది గట్టిగా చేరితే దాన్నే గట్టిగా రాసుకుంటుంది.

ఇప్పుడొక చిన్న లెక్క. ఆరుబయట దూరం రెండింతలైతే ధ్వని తీవ్రత నాలుగోవంతవుతుంది; నాలుగింతలైతే పదహారోవంతు. నా ఫోను హార్మనీకి 1 అడుగు దూరాన, అక్కయ్యకు 4 అడుగుల దూరాన ఉన్నది. రెండూ సమానంగా మోగినా, పెట్టె మోత 16 వంతులు చేరితే ఆమె గొంతు 1 వంతు చేరుతుంది. గదిలో గోడలు ధ్వనిని తిప్పికొడతాయి కనక లెక్క ఇంత కచ్చితంగా రాదు. అయినా దగ్గరున్నదే గెలుస్తుంది.

ఈ సంగతి పూర్వులకు బాగా తెలుసు. 1925కు ముందు గ్రామఫోను రికార్డులను మైకు లేకుండా, పెద్ద గరాటు ముందు పాడించి తయారుచేసేవారు. పాడేవారు గరాటు దగ్గర నిలబడేవారు; గట్టిగా మోగే వాద్యాలను దూరంగా ఉంచేవారు.

మీరూ అలాగే చెయ్యండి. ఫోనును పాడేవారికి మూరెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టండి. ఊపిరి నేరుగా తగిలితే బుస్సుమంటుంది. హార్మనీని నాలుగైదు అడుగులు వెనక్కు జరపండి. తబలా దెబ్బ మోగి ఆగిపోతుంది. హార్మనీ స్వరం ఆగకుండా సాగుతూ, పైగా గొంతు పలికే స్థాయిలోనే పలుకుతూ, మాటను కప్పేస్తుంది. అందుచేత మాటలున్నచోట మెల్లగా వాయించి, చరణానికీ చరణానికీ మధ్య కావలసినంత వాయించుకోవచ్చు.

"తరువాత శబ్దం పెంచుకుంటే సరిపోదా?" అంటారేమో. పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి! గొంతునూ వాద్యాన్నీ విడదీసే కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు వచ్చిన మాట నిజమే. కాని పూర్తిగా మునిగిపోయిన మాటను అవి కూడా ఉన్నదున్నట్టు పైకి తేలేవు.

ఇక ఈ నెల మీకిచ్చే పని. మీ బామ్మగారిచేతనో, అమ్మమ్మగారిచేతనో ఒక పాత పాట పాడించి రికార్డు చెయ్యండి. దానిని ఆ పాట ఎన్నడూ వినని స్నేహితుడికి వినిపించి, మాటలు రాయమనండి. అతను తప్పులేకుండా రాస్తే మీకు నూటికి నూరు మార్కులు. తప్పులు వస్తే, పెట్టెను మరో రెండడుగులు వెనక్కు జరిపి, "ఇంకొక్కసారి పాడవూ, బామ్మా!" అని అడగండి.

అలా అడగటానికి మీకు బామ్మ ఉన్నది. నాకు అక్కయ్య లేదు.