మెడను పట్టు చేతికి చదువు వలదా?

క్షౌరశాలలో పని ముగియగానే మెడను ఇటు నటు త్రిప్పి 'టక్కు'మనిపించుట మనకు వింత కాదు. హాయిగా నుండునని తల యొగ్గుదుము. మెదడునకు నెత్తురు గొనిపోవు నాళములలో కొన్ని ఆ మెడపూసల రంధ్రముల గుండనే పోవుచున్నవి. నాళము చిరిగినచో పక్షవాతము రావచ్చును. అరుదే గాని అసత్యము కాదు.

అమెరికాలో పూసలను చేతితో సవరించుట కైరోప్రాక్టిక్ అను ప్రత్యేక వృత్తి. 1895లో దీనిని ఆరంభించిన డి.డి. పామరునకు వైద్యపట్టము లేదు. అనుమతి లేక వైద్యము చేసెనని 1906లో చెఱసాలకు పంపిరి. నేడన్ననో, కళాశాలలో సుమారు మూడేండ్ల చదువు, పిమ్మట 4,200 గంటలకు తక్కువగాని శిక్షణ, జాతీయ పరీక్షలు, రాష్ట్రపు అనుమతిపత్రము కావలెను. ఇంత చదివినను వారి సిద్ధాంతము లన్నిటిని వైద్యులు ఒప్పుకొనరు.

చేతి నేర్పు చాలునని కొంద ఱందురు. చాలదని మా అభిప్రాయము. మెడను త్రిప్పుట పది దినములలో వచ్చును. ఏ మెడను త్రిప్పరాదో తెలియుటకే ఏండ్లు పట్టును.

ఈ చికిత్సయం దాసక్తి గల మన పిల్లలకు ఇచ్చట ఫిజియోథెరపీ పట్టపు చదువు కలదు. దానికి జీవశాస్త్రము ముఖ్యము. తెలుగుబడి పిల్లలకు అది అందునా యని తల్లిదండ్రులు శంకింతురు. వెన్నుపూస, నాడి, ధమని మన పాఠములోనివే. వానిని తెలుగున గ్రహించిన బాలిక ఇంగ్లీషు పేర్లు ఒక యేటిలో నేర్చుకొనును. పేర్లు మాత్రమే వల్లించినవాని చేతిలో మన మెడ నుంచుదుమా?