నీళ్ళేగా, ఏమవుద్ది?

పెదకూరపాడు చుట్టుపక్కల పొలాల నుంచి ట్రాక్టరు ఇంటికి చేరిందంటే దాని చక్రాలకు ఎంత మట్టి అంటుకుని వస్తుందో ఆ ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. నల్లరేగడి మట్టి! తడిస్తే బంక, ఎండితే రాయి. వెనకటి రోజుల్లో దాన్ని పారతో గీకి, బకెట్లతో నీళ్ళు కొట్టి, కొబ్బరిపీచుతో రుద్ది వదిలించేవాళ్ళు. ఒక పూట పని. ఇప్పుడు ప్రెషర్ వాషర్ అనే యంత్రం వచ్చింది. ఒక చిన్న పెట్రోలు ఇంజను, దానికి తగిలించిన పంపు, ఒక గొట్టం, చివర తుపాకీలాంటి పిడి. మీట నొక్కితే నీళ్ళు బుస్సున చిమ్ముతాయి. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతుంది. చూడటానికి ముచ్చటగానే వుంటుంది.

ఆ ముచ్చట చూస్తూ నిలబడిన ఒక తొమ్మిదో తరగతి కుర్రవాడు ఆ ధార కింద చెయ్యి పెట్టబోయాడు. నేను గబుక్కున వాడి రెక్క పట్టుకుని వెనక్కు లాగాను. వాడు నావైపు వింతగా చూసి, "నీళ్ళేగా మాస్టారూ, ఏమవుద్ది?" అన్నాడు.

ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడటం లేదు. ఎందుకంటే ఆ కుర్రవాడు పీడనం పాఠం చదివినవాడే. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఆ పాఠం పుస్తకంలో వుంది, యంత్రం పెరట్లో వుంది, రెండింటి మధ్యా ఎవరూ దారి వెయ్యలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే: ఇది "నీళ్ళ యంత్రం" కాదు. పదును వున్న యంత్రం. దాన్ని మీ చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో ఎవరి చేతికి ఇచ్చినా అది ఎలా పనిచేస్తుందో తెలిసిన తరువాతే ఇవ్వాలి.

లెక్క వేసి చూద్దాం. ఇటువంటి యంత్రాల్లో నీటి పీడనం చదరపు సెంటీమీటరుకు 100 కిలోగ్రాముల నుంచి 200 కిలోగ్రాముల దాకా వుంటుంది. మధ్యస్థంగా 150 అనుకోండి. మనకు బాగా తెలిసిన నాగార్జునసాగర్ ఆనకట్ట పునాది నుంచి సుమారు 124 మీటర్ల ఎత్తు. అంత ఎత్తు నీటిస్తంభం నిలబెడితే దాని అడుగున పీడనం చదరపు సెంటీమీటరుకు 12 కిలోగ్రాములు దాటి కాస్త వుంటుంది, అంతే! అంటే మీ పెరట్లో గొట్టంలో వున్న పీడనానికి సమానం కావాలంటే సాగర్ ఆనకట్టలు పన్నెండింటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటి నిండా నీళ్ళు నింపాలన్నమాట.

ఆ పీడనంతో సన్నని రంధ్రం గుండా బయటపడే నీటి వేగం ఎంత? ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే సెకనుకు 170 మీటర్లు. గంటకు 600 కిలోమీటర్ల పైమాటే. ఘర్షణవల్ల కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. పెదకూరపాడు స్టేషను మీదుగా గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో ఒక రైలు దూసుకుపోతే ప్లాట్‌ఫారం అంచున నిలబడటానికే జంకుతాం. ఈ ధార దానికి ఎన్ని రెట్లో మీరే చూసుకోండి.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. "రంధ్రం వైశాల్యం ఒక చదరపు మిల్లీమీటరు అనుకుంటే ధార తోపు రెండు మూడు కిలోలకు మించదు కదా, దానికింత భయమెందుకు?" అని. నిజమే, మించదు. కాని మిరపకాయల టిక్కీ కుట్టే దబ్బనాన్ని చూడండి. కుట్టేవాడు పెట్టే బలం ఎంత? ఆ బలమంతా మొన మీద చేరింది కాబట్టే దళసరి గోనె చీల్చుకుని దిగుతున్నది. ఈ నీటిధార కూడా ఒక దబ్బనమే. పైగా ఇది దిగి ఊరుకునే దబ్బనం కాదు, లోపలికి వెళ్ళాక విచ్చుకునే దబ్బనం.

ఆ రోజు మా ముందు ఆ యంత్రం యజమాని ఒక దోసకాయను గట్టుమీద పెట్టి, దూరంగా నిలబడి ఒక్క క్షణం ధార తగిలించాడు. (మీరు ఈ ప్రయోగం చెయ్యకండి. ఆయన కళ్ళద్దాలు, బూట్లు వేసుకునే చేశాడు.) పైన తొక్కకు చిన్న చిల్లి. కోసి చూస్తే లోపల గుజ్జు, గింజలు కలగాపులగమై వున్నాయి. కుర్రవాడు ఆ చిల్లిలో వేలు పెట్టి చూసి మాట్లాడలేదు.

మనిషి చెయ్యికి జరిగేదీ ఇదే. పైకి సూది గుచ్చినంత గుర్తు. మొదట్లో నొప్పి కూడా పెద్దగా వుండకపోవచ్చు. పసుపు అద్ది, గుడ్డ చుట్టి పనిలో పడతారు. లోపల మాత్రం నీళ్ళు, మట్టి, సూక్ష్మజీవులు చర్మం కింద, నరాల పక్కన, కండరాల పొరల మధ్య దూరం దాకా దూసుకుపోయి వుంటాయి. గంటలు గడిచేసరికి చెయ్యి వాచి, రక్తప్రసారం ఆగి, వేలు తీసేయవలసిన పరిస్థితి రావచ్చు. అధిక పీడనంతో ద్రవాలు చర్మంలోకి దూరే ఈ గాయాలను 1937లోనే వైద్య పత్రికలలో వర్ణించారు. అప్పుడు దూరింది డీజిలు ఇంజనులోని నూనె. కాబట్టి గుర్తు ఎంత చిన్నదైనా శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. అక్కడ రెండు విషయాలు తప్పకుండా చెప్పాలి: ఎంత పీడనం గల యంత్రం, అందులో వున్న ద్రవం ఏమిటి.

ఆ రెండో సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పత్తి, మిరప పండించే ఊళ్ళకు పెట్రోలు ఇంజనుతో మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు కొత్త కావు. వాటిలో పెద్దవి చదరపు సెంటీమీటరుకు 20 నుంచి 40 కిలోగ్రాముల పీడనంతో పనిచేస్తాయి. వాషరుతో పోలిస్తే తక్కువే. అయినా 30 కిలోగ్రాముల పీడనం దగ్గర ధార వేగం గంటకు 270 కిలోమీటర్లు దాటగలదు. పొద్దున పురుగుమందు కొట్టిన పంపుతోనే సాయంత్రం మోటారు సైకిలు కడిగేవాళ్ళను నేను చూశాను. గేదెలను కడిగేవాళ్ళను కూడా చూశాను! తొట్టి రెండుసార్లు తొలిపితే గొట్టంలోని మందు పోతుందని వాళ్ళ ధీమా. గొట్టం లోపలి గోడలను, పంపులోని సందులను ఎవరు చూడొచ్చారు? మందుకు వాడిన పంపు మందుకే వుండాలి. దీనిమీద నేను బేరానికి రాను.

ఇక కంటికి కనిపించని ప్రమాదం దగ్గరకు వద్దాం. నా దృష్టిలో అన్నిటికంటె దొంగ ప్రమాదం ఇదే. పెట్రోలు పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బస్సులో సీట్లన్నీ ఒకడే తువ్వాళ్ళు పరిచి ఆపుకున్నట్టు! ప్రాణవాయువు ఊపిరితిత్తుల దాకా వస్తుంది, ఎక్కటానికి చోటుండదు. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1890లలో ఈ వాయువును తానే పీల్చి, తనకేమవుతున్నదో రాసుకున్నాడు. తలనొప్పి, తూలు, మతి తప్పటం. చిక్కు ఏమిటంటే, బయటికి పోవాలన్న బుద్ధి పుట్టేసరికి కాళ్ళు స్వాధీనంలో వుండవు.

1996లో అమెరికాలోని వృత్తి భద్రత, ఆరోగ్యాల జాతీయ సంస్థ ఒక హెచ్చరిక ప్రచురించింది. అందులో ఒక రైతు సంగతి వుంది. పదకొండు అశ్వశక్తి పెట్రోలు ప్రెషర్ వాషరుతో తన కొట్టాన్ని లోపలినుంచి కడుగుతున్నాడు. సుమారు అరగంట పనిచేశాడు. కుప్పకూలి చనిపోయాడు. అదే హెచ్చరికలో ఇంకొకరి సంగతి: 59,000 ఘనపుటడుగుల గదిలో, పక్కనున్న తలుపులు తెరిచే వుంచి, ఎనిమిది అశ్వశక్తి పెట్రోలు పంపుతో పనిచేసినవాడు కూడా బయటికి రాబోతూ స్పృహ తప్పాడు. మన తరగతి గదులు ఎన్ని పడతాయో ఆ గదిలో! "తలుపు తీశాంగా" అనే మాట ఇక్కడ చెల్లదు. గొడ్ల సావిడిలోగాని, కోళ్ళ షెడ్డులోగాని, మోటారు కొట్టంలోగాని, దిగుడు బావిలోగాని పెట్రోలు ఇంజను నడపకూడదు. ఇంజను బయట ఆరుబయలులో, పొగ కిటికీలవైపు పోకుండా వుండాలి. పొడుగు గొట్టం లోపలికి తీసుకుపోవాలి.

లోపల ఎవరైనా పడిపోయి కనిపిస్తే? కేకవేసి పెద్దవాళ్ళను పిలవండి, 108కి ఫోను చెయ్యండి. మీరు పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్ళవద్దు. రెండోవాడూ పడిపోతే కాపాడేవాళ్ళకు పని రెట్టింపవుతుంది. ఇంకొక సంగతి. 2020, 2021లలో కరోనా కాలంలో చాలా ఇళ్ళలో వేలికి తగిలించే ఆక్సిమీటర్లు కొన్నారు. కార్బన్ మోనాక్సైడు పట్టిన హిమోగ్లోబిన్‌ను మామూలు ఆక్సిమీటరు ప్రాణవాయువు పట్టినదిగానే పొరబడుతుంది. అంకె బాగుంది కదా అని మనిషిని ఇంట్లో పడుకోబెట్టకూడదు.

పెట్రోలు సంగతి మీకు కొంత తెలుసు, క్లుప్తంగా చెబుతాను. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నేలమీద పాకి పల్లానికి చేరుతుంది. పది అడుగుల దూరంలో వున్న పొయ్యిని వెతుక్కుంటూ పోగలదు. సున్నాకంటె 40 డిగ్రీలు చల్లగా వున్నప్పుడు కూడా అంటుకునేటంత ఆవిరి పెట్రోలునుంచి వస్తుంది. మే నెల పల్నాడు ఎండలో ఎంత వస్తుందో ఊహించుకోండి. ఇంజను నడుస్తుండగానో, ఆపిన మరుక్షణమో ఎర్రగా కాలిన పొగగొట్టం పక్కనే పెట్రోలు పోయటం నిప్పుతో చెలగాటం. కనీసం పావుగంట చల్లారనివ్వాలి. గొట్టంతో నోట పీల్చి పెట్రోలు తీయటం, కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం, ఈ రెండు అలవాట్లనూ మీ ఇంట్లో మీరే మాన్పించాలి. సీసా రంగు చూసి తాగే వయసు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ప్రతి ఇంట్లోనూ వుంటారు. ఒకవేళ తాగితే బలవంతాన వాంతి చేయించకూడదు. వాంతిలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే మరీ ప్రమాదం.

ఇదంతా చదివి కొందరు పెద్దలు నామీద కోపగించుకోవచ్చు. "రైతు బిడ్డలు ఇంటిపనిలో చెయ్యి వెయ్యకూడదంటావా?" అని. అనను. యంత్రాలు వద్దనీ అనను. పూట పనిని అరగంటలో చేసిపెట్టే యంత్రాన్ని వద్దనటానికి నేనెవరిని? నా పట్టు ఒక్కటే: పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ చేతికి ఆ పిడి ఇవ్వవద్దు. 1983లో మన పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. నూర్పిడి యంత్రాల్లో చేతులు తెగిపోతుంటే చూడలేక చేసిన చట్టమది. నూర్పిడి యంత్రానికి పళ్ళున్నాయి, కనిపిస్తాయి. నీటిధారకు పళ్ళు కనిపించవు. అమ్మేవాళ్ళు కూడా డబ్బా అప్పగించి చేతులు దులుపుకోకుండా, కొన్న మనిషి ఎదుట నడిపి చూపి, తెలుగులో రాసిన కాగితం చేతికివ్వాలి. నేను చూసిన యంత్రంతో వచ్చిన పుస్తకమంతా ఇంగ్లీషే. దాన్ని అటక మీద పెట్టారు.

ఆ పుస్తకాన్నే దింపించి, ఆ కుర్రవాడూ నేనూ కూర్చుని చదివాం. మొనల రంగులకు అర్థం అప్పుడు తెలిసింది. ఎర్రది సున్నా డిగ్రీలు, అంటే విచ్చుకోని ధార, దబ్బనం. పసుపుపచ్చది పదిహేను డిగ్రీలు, ఆకుపచ్చది ఇరవైఐదు, తెల్లది నలభై, నల్లది సబ్బు నీళ్ళకు. అంతదాకా ఆ ఇంట్లో అన్నిటికీ ఎర్రదే వాడుతున్నారు, "మట్టి బాగా పోతుంది" అని.

ఇంకో పేజీలో ఆపే పద్ధతి వుంది. ముందు ఇంజను ఆపాలి, తరువాత నీళ్ళ కుళాయి కట్టాలి, ఆ తరువాత పిడిని నేలవైపు పెట్టి మీట మళ్ళీ ఒకసారి నొక్కాలి. ఇంజను ఆగినా గొట్టంలో బిగిసిన పీడనం అలాగే వుంటుంది కాబట్టి. కుర్రవాడు ఇది చదివి, ట్రాక్టరు కడగటం ముగించి గొట్టం ఊడదీయబోతున్న యజమాని దగ్గరకు పరుగెత్తాడు. "బాబాయ్, ఆగు! నేలకేసి ఒకసారి నొక్కు" అన్నాడు. "ఆపేశాగదరా, ఇంకేముంది?" అంటూనే ఆయన నొక్కాడు. ఇంజను చప్పుడు లేదు, కుళాయి కట్టేసి వుంది. అయినా పిడిలోంచి బుస్సుమని ఒక చిమ్ము వచ్చి ఆయన బూటు పక్కన నల్లమట్టిలో జానెడు గుంట చేసింది.